పుస్తకాల వెనక క్యాసెట్

సుధా,

ఇవాళ మీ అక్క వీడియోగేమ్ తరఫున మాట్లాడింది. నువ్వుంటే నమ్మేదానివి కాదు.

నేను పాఠాలు చెప్పే పెనుకొండ బడికి ఐదో తరగతి పిల్ల వాళ్ళమ్మ వచ్చి, గేమ్ క్యాసెట్ నా బల్లమీద పెట్టింది.

"పరీక్షలయ్యేదాకా మీ కాడే పెట్టుకోండి మేడమ్. అన్నం తినేది గూడా మర్చిపోతాండాది."

హిందూపురంలో నీ పదో తరగతి పరీక్షల ముందు నీ క్యాసెట్‌ను నా పుస్తకాల వెనక దాచాను. పుస్తకాల జోలికి నువ్వు రావని నాకు తెలుసు. జ్వరంతో పడుకుని కూడా, "ఒక్క ఆటక్కా, యాడ పెట్టినావో చెప్పు" అని అడిగావు. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. పరీక్షలు మొదలయ్యేసరికే నువ్వు లేవు.

క్యాసెట్ ఆమెకే తిరిగిచ్చాను.

"హోంవర్కు అయ్యాక రోజూ అరగంట ఆడనివ్వండి. పక్కన కూర్చుని చూడండి, టైమవ్వగానే మీరే ఆపించండి."

"నేను కూచోని ఏం చూసేది మేడమ్? అదేం ఆటో నాకేం తెల్సు?" అని ఆమె నవ్వింది.

"పాపనే అడగండి, చెబుతుంది" అన్నాను.

సాయంత్రం హిందూపురంలో మన ఇంటికొచ్చి పుస్తకాలు జరిపి చూశాను. నీ క్యాసెట్ అక్కడే ఉంది. అదేం ఆటో నాకూ తెలియదు సుధా. నిన్నెప్పుడూ అడగలేదు.

అక్క