బుడ్డది ఎవరి దగ్గరుండాలి?

కోడలు పిల్లకి అత్తయ్య ఆశీస్సులు.

మేమిక్కడ కులాసా. మీరే అక్కడ కులాసాగా లేరని ఇప్పుడే తెలిసింది. ఎదురింటి టైలరమ్మ మీ ఊరొచ్చి వెళ్లిందిగా, ఆవిడ చెప్పింది. బుడ్డదాన్ని మునిసిపాలిటీ వాళ్ల శిశుకేంద్రంలో వేస్తున్నావట! ఏడాదైనా నిండని పసిగుడ్డు, దాన్ని తీసుకెళ్లి ఊరందరి పిల్లల మధ్య పడేస్తావా? అక్కడ ఎవరి ముక్కు ఎవరి తువ్వాలుతో తుడుస్తారో ఆ పైవాడికే తెలియాలి. ఒకడు ఏడిస్తే అందరూ అందుకుంటారు. అది చదువా, భజనా?

నేను ఇద్దరు పిల్లల్ని గుమ్మం దాటకుండా పెంచాను. నువ్వు బస్సు డ్రైవరువి, డ్యూటీ ఉందంటావు, సరే, కాదనను. కానీ బిడ్డ దగ్గర సొంతమనిషి ఉండాలా వద్దా? మీలో ఒకరు ఏడాది పాటు సెలవు పెట్టి ఇంట్లో ఉంటే కొంపలేం మునిగిపోవు. ఎవరు పెట్టాలో నేను చెప్పక్కర్లేదు.

ఈ మాట ఫోనులోనే చెప్పచ్చు. కానీ ఫోనైతే నువ్వు మధ్యలో మాట్లాడతావు. ఉత్తరంతో ఆ బాధ లేదు.

ఇట్లు,
నీ మేలు కోరే అత్తయ్య

తా.క. మీ మామగారి అభిప్రాయం కూడా ఇదే. ఆయన్ని ఇంకా అడగలేదనుకో.

* * *

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ముందు ఉడుక్కున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒకటో తారీకుకి నేను డ్యూటీలో చేరకపోతే వంతెన మీదుగా వెళ్లే రూటు ఇంకో డ్రైవరుకి ఇచ్చేస్తామన్నారు. ఆ రూటు కోసం డిపోలో ఎంతమందితో పోట్లాడానో మీకు తెలుసు. స్టీరింగు చేజారిపోతుందేమో అని బెంగపడి అన్నం కూడా సయించలేదు.

కానీ మీ ఉత్తరం మీ అబ్బాయికి చూపిస్తే రెండోసారి కూడా చదివారు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. మీరన్నది నిజమే, బిడ్డ దగ్గర సొంతమనిషి ఉండాలి. ఏడాది సెలవు మంజూరయింది. కేంద్రంలో మన బుడ్డదానికిచ్చిన చోటు మా వీధి నర్సమ్మ కవలల్లో ఒకడికి ఇచ్చేశారు, రెండోవాడికి ముందే ఉంది. ఇప్పుడు నాకే బెంగా లేదు, మనసు తేలికపడింది. ఇదంతా మీ చలవే.

మిగతా వివరాలు మీ అబ్బాయి ఫోన్ చేసి చెప్తానన్నారు.

మీ కోడలు

తా.క. టైలరమ్మగారిని అడిగానని చెప్పండి. మా ఇంట్లో టీ తాగినంతసేపూ ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఎందుకో ఇప్పుడర్థమయింది.

* * *

బంగారం లాంటి నా కోడలికి, అత్తయ్య వేవేల దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. ఈ వయసులో గంతేయకూడదని మోకాలు తర్వాత చెప్పిందనుకో. అంత ఇష్టపడ్డ స్టీరింగు వదులుకుని, పైగా మనసు తేలికపడిందని రాశావే! నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వీధి వీధంతటికీ చదివి వినిపించాను. టైలరమ్మకి రెండుసార్లు.

వాడు ఫోన్ చేశాడు. ఆదివారం ఈశాన్యం నుంచి మబ్బులొస్తాయని చెప్పి పెట్టేశాడు. వాతావరణం ఆఫీసులో చేరినప్పట్నుంచీ వాడికి వేరే ఊసే లేదు.

ఇక నా అనుభవం కొద్దీ నాలుగు మాటలు చెప్తాను, విను. ఇంటిపని చిన్నతనం అనుకోకు. మధ్యాహ్నం బిడ్డ పడుకోగానే పని పెట్టుకోక నువ్వూ ఓ కునుకు తియ్యి. అన్నిటికంటే ముఖ్యం, డ్యూటీ చేసి అలసిపోయి వచ్చిన మనిషికి గుమ్మంలోనే వేడి కాఫీ అందాలి. వచ్చీరాగానే కష్టాలు ఏకరువు పెట్టకూడదు. సంపాదించి తెచ్చే మనిషిని నెత్తిన పెట్టుకోవాలి.

టైలరమ్మ చేత వంటింట్లో వేసుకోవడానికి ఏప్రన్ కుట్టించి పంపుతున్నాను. కుచ్చులు నేనే దగ్గరుండి పెట్టించాను.

నిన్ను చూసి పొంగిపోతున్న,
అత్తయ్య

తా.క. మీ మామగారు కూడా పొంగిపోయారు. పేపరు దించి "ఊఁ" అన్నారు.

* * *

అత్తయ్యగారికి వెయ్యి నమస్కారాలు.

ఇంత మంచి ఉత్తరం నాకెవరూ రాయలేదు. దాన్ని వంటింటి గోడకి అంటించాను. మీ అబ్బాయి తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. నేను బస్సు డిపోలో పెట్టి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కాఫీ! కష్టాలు ఏకరువు పెట్టబోయి, గోడ వైపు చూసి ఆగిపోతున్నారు. సంపాదించి తెచ్చే మనిషిని నెత్తిన పెట్టుకోవాలని మీరు రాసింది చదివి నేనూ ఏడ్చాను. నా పుట్టింటివాళ్లు కూడా ఎప్పుడూ అలా అనలేదు.

ఒకటో తారీకున మళ్లీ వంతెన ఎక్కాను. పొద్దున్నే నది మీద మంచు, వెనక సీట్లనిండా జనం. నా బండి నాకొచ్చింది అత్తయ్యా!

బుడ్డదాని విషయాలు ఆయన బులెటిన్ రాసి తలుపు మీద పెడుతున్నారు. నిన్నటిది: "ఉదయం ప్రశాంతం. మధ్యాహ్నం అక్కడక్కడా ఏడుపులు. సాయంత్రానికి పక్క తడిసే సూచన." తడిసింది. ఆఫీసులో చెప్పినవి ఎన్నడూ నిజం కాలేదు, ఇవి ఒక్కటీ తప్పట్లేదు.

మీ అదృష్టవంతురాలైన కోడలు

తా.క. ఏప్రన్ అందింది. భుజాల దగ్గర మీ అబ్బాయికి కాస్త బిగువు. కుచ్చులు మాత్రం భలే నప్పాయి.

* * *

కోడలికి,

దీవెనలు చివర్లో చూద్దాం. ముందు ఇది చెప్పు. వాడా? వాడి చేతికా బిడ్డని అప్పగించావు?

ఉత్తరం చదివి నాకు నోట మాట రాలేదు. టైలరమ్మకి వచ్చింది. వీధంతా ఇప్పుడు ఆ కుచ్చుల గురించే.

అమ్మాయ్, వాణ్ణి కన్నదాన్ని నేను. వాడి సంగతి నీకేం తెలుసు? వాడికి పదేళ్లప్పుడు పక్కింటి పాపాయిని ఎత్తుకుని రొట్టె తెమ్మని పంపాం. రొట్టె భద్రంగా తెచ్చాడు. పాపాయిని దుకాణం బల్ల మీద మర్చిపోయాడు. వానొస్తుందని ఊరందరికీ చెప్పి, తను గొడుగు లేకుండా తడిసొచ్చే మనిషి వాడు.

శిశుకేంద్రానికి ఏం తక్కువే? శిక్షణ పొందిన ఆయాలుంటారు. వేళకి తిండి, వేళకి నిద్ర. తోటిపిల్లలతో కలిసి ఏడిస్తే ఊపిరితిత్తులకి బలం. తువ్వాళ్లు కూడా ఎవరివి వాళ్లకే ఉంటాయట. నువ్వు వెంటనే వెళ్లి ఆ చోటు తిరిగి అడుగు. నేను రేపే మా వీధి చివరున్న కేంద్రం చూసొచ్చి, అక్కడ ఎంత బాగుందో నీకు రాస్తాను.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న,
అత్తయ్య

తా.క. గోడ మీద నా ఉత్తరం చింపెయ్యి.

* * *

అత్తయ్యగారికి,

కోపం తగ్గాక చదవండి. మీకు ముందే తెలుసనుకున్నాను. ఆయన్ని నిలదీస్తే, "ఫోన్ చేశానే, మబ్బుల తర్వాత చెప్దామనుకున్నాను" అన్నారు.

ఒకటి మాత్రం చెప్పాలి. మొన్న బుడ్డదాన్నెత్తుకుని నా బస్సే ఎక్కారు. దిగాక చూస్తే గొడుగు సీట్లోనే ఉంది, పాలసంచి సీట్లోనే ఉంది, ఒక కాలి చెప్పు మెట్టు మీద ఉంది. బుడ్డది మాత్రం ఆయన చంకలోనే ఉంది. మీరు దిగులుపడకండి.

దిగులంతా నాది. ఎవరితో చెప్పుకోను? నిన్న పరుగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకుంటే, నా చేతుల్లోంచి ఆయన వైపు వంగి ఏడ్చింది. కుళాయి తిప్పుకుని నేనూ ఏడ్చాను. బండి వదల్లేను, అలాగని బిడ్డకి పరాయిదాన్ని కాలేను. ఆయనకీ మాట్లాడే మనిషి లేక, కిటికీలోంచి మబ్బులకి పేర్లు పెడుతున్నారు. కేంద్రంలో అడిగితే, చోటు దొరకడానికి ఇంకా చాలా నెలలు పడుతుందన్నారు.

మీరొచ్చి కొన్నాళ్లు మా దగ్గరుండరూ? మీరుంటే నాకు ధైర్యం.

మీ కోడలు

తా.క. ఉత్తరం చింపలేదు. కాఫీ అలవాటయిపోయింది.

* * *

నా తల్లికి, అత్తయ్య మనసారా దీవెనలు.

నువ్వు రమ్మంటే రెక్కలు కట్టుకుని వాలేదాన్నే. కానీ నాకు సెలవు లేదు.

అవునే, సెలవే! కేంద్రం చూసొస్తానని వెళ్లానా, అక్కడ ఒక పిల్లాడు ఎంతకీ పడుకోక అందర్నీ లేపుతున్నాడు. ఇటివ్వండమ్మా అని ఒళ్లో వేసుకుని వీపు మీద తట్టాను. వాడు పడుకున్నాడు. పక్కవాళ్లు పడుకున్నారు. కుర్చీలో ఆయా కూడా పడుకుంది. పెద్దటీచరు వచ్చి "రేపూ వస్తారా?" అంది. మర్నాడూ వెళ్లాను. ఇప్పుడు నేను ఉద్యోగినినే! పిల్లలు నన్ను జోజో మామ్మ అంటారు. ఇద్దర్ని పెంచినప్పుడు నన్నెవరూ శభాష్ అనలేదు. ఇక్కడ పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య పదిసార్లు అంటున్నారు. గుమ్మం దాటితే ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదే!

ఇక నీ దిగులు. బుడ్డది వాడి వైపు వంగిందని ఏడుస్తావా, పిచ్చిదానా! ఇక్కడ ఒకడున్నాడు. పొద్దుట్నుంచీ నా కొంగు వదలడు, నేను తప్ప లోకం లేదంటాడు. సాయంత్రం వాళ్లమ్మ గొంతు గేటు దగ్గర వినపడితే చాలు, నన్ను తోసేసి పరుగు. వెనక్కి తిరిగైనా చూడడు. రోజూ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. పిల్లలు ఎంతమంది చంకెక్కినా అమ్మని మరిచిపోరు. నీ వంతెన నువ్వెక్కు, నీ బిడ్డ ఎక్కడికీ పోదు.

మీ దగ్గరికి మీ మామగారిని పంపుతున్నాను. వాడికి మాట్లాడే మనిషి కావాలన్నావుగా. ఈయన మాట్లాడరు, కానీ వింటారు. నా దగ్గర బాగా అలవాటయింది.

ఇట్లు,
మీ జోజో మామ్మ

తా.క. వచ్చే నెలలో నాకు రెండు రోజుల సెలవు దొరుకుతుంది. స్టేషన్ నుంచి నీ బస్సే ఎక్కుతాను. అత్తగారు కదా అని ఊరికే ఎక్కించుకోవద్దు. నా జీతంతో టిక్కెట్టు కొనుక్కుని, నీ వెనక సీట్లో కూర్చుని, నువ్వు బండి తోలుతుంటే కళ్లారా చూడాలి.