టీవీ మీద నాయిన పేరు

జూలై 7, సోమవారం
రేపే నా పీహెచ్‌డీ సెమినార్. ల్యాప్‌టాప్ ఇవాళే చావాలా! నా రూమ్మేట్ స్వప్న ధైర్యం చెప్పింది — "ఫోన్‌కు యూఎస్‌బీ కేబుల్ పెట్టవే, స్క్రీన్ మొత్తం హాల్ టీవీ మీద కనవడ్తది." పెట్టి చూశాం. వచ్చింది. సెమినార్ ఇచ్చేవాళ్లే అందరికీ టీ, సమోసాలు పెట్టడం మా డిపార్ట్‌మెంట్ ఆనవాయితీ. సమోసాలు తార్నాక నుంచి తానే తెస్తానన్నాడు నాయిన. వద్దన్నాను. "నీ సదువు పండుగకు నేను రాకపోతె ఎట్ల బిడ్డా?" తలుపు దగ్గరే తీసుకుని పంపేయాలి.

జూలై 8
ఛీ.

జూలై 9
రాయకపోతే ఊపిరాడదు.
నిన్న... స్లైడ్లు బాగానే నడుస్తున్నాయి. మెసేజ్‌లు ఆపాను, కాల్స్ సంగతి మరిచాను. ఫోన్ మోగింది. టీవీ నిండా, ఇంగ్లీషులో, ఇంతింత అక్షరాలు — వాచ్‌మన్ తార్నాక.
నాయిన నంబరు. నేను సేవ్ చేసుకున్న పేరు.
తలెత్తితే తలుపు దగ్గర నాయిన. చేతిలో సమోసాల సంచి, చెవి దగ్గర ఫోన్, కళ్లు టీవీ మీద. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ ఒక్క మాట మాత్రం వచ్చు. అపార్ట్‌మెంట్‌లో మా గది తలుపు మీద రాసి ఉన్నది అదే.
"ఎవరమ్మా?" అన్నారు మా గైడ్ మేడమ్.
"సమోసాలు తెచ్చినాయన, మేడమ్."
నా నోటితోనే అన్నాను. నాయిన సంచి బల్ల మీద పెట్టి, మేడమ్‌కు నమస్తే పెట్టి వెళ్లిపోయాడు. సెమినార్ బాగా ఇచ్చానట. అందరూ అదే మాట.

జూలై 10
హాస్టల్లో చేరిన కొత్తలో మా నాయినది మెట్టుగూడలో రైల్వే ఉద్యోగమని అందరికీ చెప్పాను. స్వప్నకు కూడా. గదిలో 'నాయిన' అని ఫోన్ మోగితే ఎవరైనా ఎత్తి మాట్లాడతారని, దొరికిపోతానని ఆ పేరు పెట్టుకున్నాను. ఏం తెలివి! సిగ్గులేని దాన్ని.

జూలై 11
నాయిన ఫోన్ చేయలేదు. రోజూ "తిన్నవా?" అని చేసే మనిషి.

జూలై 12
అమ్మ చేసింది. "సమోసాలు అందరు తిన్నరో లేదో అడుగుమంటుండు మీ నాయిన. నువ్వే అడుగరాదు అంటె ఇనడు."
తిన్నారు. నేనే ముట్టలేదు.

జూలై 13, ఆదివారం
తార్నాక వెళ్లాను. స్వప్న తీసిన సెమినార్ వీడియో చూపించమని అమ్మ ఒకటే పోరు. "గీ చిన్న ఫోన్ల ఏం కనవడ్తది? దీనికి పెట్టు" అని నాయిన మా గదిలో ఉన్న గేటు కెమెరా టీవీ చూపించాడు. కేబుల్ నా సంచిలోనే ఉంది. పెట్టాను.
అమ్మ మురిసిపోతోంది. "ఎట్ల మాట్లాడుతున్నదో సూడు నా బిడ్డ! అవుగని, నువ్వు గూడ పోయినవ్ గదా, ఏడ కనవడవేంది?"
నాయిన వచ్చిన ముక్క కత్తిరించే తెచ్చాను.
నాయిన జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కాడు. నా ఫోన్ మోగింది. టీవీ మీద తెలుగులో — నాయిన.
"పక్కనే కూసోని ఫోనేంది, పిచ్చి లేసిందా?" అమ్మ నవ్వు.
పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. కట్ చేశాడు.
"ఎప్పుడు మార్చినవ్ బిడ్డా?"
"ఇయ్యాల్నే... బస్సుల." అబద్ధం రాలేదు.
తలూపాడు. నా వైపు చూడకుండా — "మల్ల ఆఖరి పరీక్ష ఉంటదంటివి గదా. సమోసాలు ఎవలితోనన్న పంపియ్యాల్నా, నేనే తేవాల్నా?"
"నువ్వే రా నాయినా. ముందట కూసో."
బయట కారు హారన్. లేచి వెళ్లాడు. కేబుల్ పీకాను. టీవీ మీద మళ్లీ గేటు. నాయిన గేటు తీస్తున్నాడు. అలాగే చూస్తూ కూర్చున్నాను.
హాస్టల్‌కు వచ్చేశాను. "ఏడికి పోయినవే పొద్దున్నుంచి?" అంది స్వప్న.
"మెట్టుగూడకు" అన్నాను.