జీడిపప్పు టీ, జానెడు నురగ

అమ్మకు, ఇక్కడ అందరం కులాసా. నేను టీ మానేశానని విని దిగులుపడుతున్నావట, ఇక పడకు. నేను పాలు తాగితే చంటిదానికి పడడం లేదని డాక్టరమ్మ మాన్పించాక దాని కడుపునొప్పి పోయింది, నాకు తలనొప్పి పట్టుకుంది. అది చూడలేక మీ అల్లుడు నిన్న జీడిపప్పు నానబెట్టి, రుబ్బి, పాలు తీశారు. అందులోనే టీపొడి, అల్లం, యాలకులు వేసి తెగ మరిగించారు. అది కాస్తా కూర గుజ్జులా చిక్కబడింది. "ఇది తాగాలా, అన్నంలో కలుపుకోవాలా?" అన్నాను. "బండి మొదటి కిక్కుకే స్టార్టవుతుందా ఏంటి?" అన్నారు, మెకానిక్కు బుద్ధి పోనిచ్చుకోకుండా. రెండోసారి డికాషను విడిగా కాచి, పొయ్యి ఆర్పాక జీడిపాలు కలిపి, రెండు గ్లాసులతో ఎత్తునుంచి తిరగబోశారు. సగం నేలమీద పోయింది కానీ, మిగిలిన సగం మీద జానెడు నురగ! ప్రాణం లేచొచ్చిందనుకో.

నీ చిన్న రోలు ఎవరిచేతనైనా పంపు. ఈయన యాలకులు పానాతో దంచుతున్నారు. కడిగారులే. నాన్న మోకాలు ఎలా ఉంది? తమ్ముడికి నా ఆశీస్సులు. నువ్వొచ్చినప్పుడు నీకు మామూలు పాల టీయే పెడతాను. కాకపోతే బయట మెట్ల మీద తాగి, మూతి కడుక్కుని మరీ లోపలికి రా. ఆ వాసన తగిలిందంటే నా ఒట్టు తీసి గట్టున పెట్టేస్తాను!

నీ పెద్దపిల్ల