నేరేడుపండూ మాత్రా

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టినాం. పాస్టరుగారు ఆమెన్ అన్నారో లేదో, రాచర్ల చిన్నాయన సంచిలోంచి సీసా తీసినాడు. ఏందది అంటే నేరేడు గింజల పొడి అంట. షుగర్ మాత్రలు మానేసి నెలయిందంట. "మా అన్న కూడా నేరేడునే నమ్ముకున్నాడు గదమ్మా" అంటాడు, నీ ఫోటో ముందర కూర్చోని!

నాకు ఒళ్లు మండింది. "మాత్రలు మానినాడు కాబట్టే గదా చిన్నాయనా, ఈ రోజు మనం ఈ కూటంలో కూర్చున్నాం" అన్నా.

మార్కాపురం డాక్టరమ్మ నీకేం చెప్పింది? నేరేడుపండ్లు, ఎర్ర తోటకూర, తొక్కతో వంకాయ, ఇట్లాంటి ముదురు రంగువి తిను, ఆ రంగు షుగర్‌కి కొంచెం మేలు చేస్తుంది, మాత్రలు మాత్రం మానొద్దు అనింది. పక్కనే నేనున్నా. బస్సు దిగేసరికి నీకు రంగొక్కటే గుర్తుంది. నల్లబడిన నాలుక ఊరందరికీ చాపి చూపించి, "ఇదే నా మందు" అన్నావు. నువ్వు పోయినాక నీ బైబిల్ సంచిలో ఒక్కటీ చింపని మాత్రల షీట్లు దొరికినాయి నాకు.

నాకూ షుగర్ వచ్చింది నాయనా. నీకిష్టమని తెచ్చిన నేరేడుపండ్లు నాలుగు తిన్నా. అన్నానికి ముందర, చిన్నాయన చూస్తుండగానే మాత్ర వేసుకున్నా. అద్దంలో చూస్తే నాలుక నీ నాలుక మాదిరే నల్లగా ఉంది.

రెండూ ఒక్క నోట్లోకే పోయినాయి. నీకేం అడ్డమొచ్చింది నాయనా?