చివరి తలకట్టు

జూన్ 12, శుక్రవారం సాయంత్రం

చిరంజీవి బామ్మర్దికి బావ ఆశీస్సులు.

‘మేమంతా క్షేమం’ అని మొదలుపెట్టడం చేతికి అలవాటు. రాసి, కొట్టేసి, వేరే కాగితం తీసుకున్నాను. నేను బాగున్నాను. నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటాను.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని రెండుసార్లు అడిగావు. ఇంటినిండా జనం ఉన్నప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున మీ అక్క మామూలుగానే లేచింది. కాఫీ సగం తాగి, చల్లారిపోయిందని వంక పెట్టింది. చల్లారలేదు. నర్సు వచ్చి ఆక్సిజన్ గొట్టం సరిచేసింది. మంచం కిటికీ పక్కకు జరపమంటే జరిపాను. తర్వాత గీసే అట్ట ఒళ్ళో పెట్టించుకుంది. నీ ‘ఎదురు గడప’ టైటిల్లో అన్ని అక్షరాలూ అయిపోయి, చివరి ‘ప’ ఒక్కటే మిగిలింది. ఈ పూటకు వద్దని నర్సు అంది. తెర మీద ‘ఎదురు గడ’ అని పడితే మా తమ్ముడి మొహం చూడలేం తల్లీ అని మీ అక్క కుంచె తీసుకుంది.

మధ్యాహ్నానికి ఆ షీటు పూర్తయింది. మధ్యలో నర్సు ఒకసారి గుమ్మంలోకి వచ్చి మా ఇద్దర్నీ కోప్పడి వెళ్ళింది. మీ అక్క అలిసిపోయి పడుకుంది. నేను పక్కన కుర్చీలో పేపరు చదువుతున్నాను. వీధి దీపాలు వెలిగే వేళకు నర్సు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, నా చేతుల్లోంచి పేపరు మెల్లగా తీసేసింది. అంతే. బాధపడలేదు. నువ్వు డబ్బింగు ఆపేసి బయల్దేరి వచ్చేసరికి తెల్లారింది.

ఇక సినిమా సంగతి.

నువ్వు పంపిన ప్రారంభం నిన్న చూశాను. ముందు తెర నల్లగా ఉంటుంది. తర్వాత నల్ల అంచుతో మీ అక్క ఫోటో, కింద పుట్టిన, పోయిన సంవత్సరాలు. వయొలిన్. ఆ తర్వాత నువ్వు ఫోనులో ఫోటో తీసుకెళ్ళిన ఆవిడ అక్షరాలు, సగానికి సగం నెమ్మదిగా. చివర ‘ప’ మీది తలకట్టు పెరిగి పెరిగి తెర నిండా నిలబడిపోతుంది. ఆ గీత వణుకు చూడు బావా, అక్క ఆఖరి ఊపిరి అందులోనే ఉంది, హాల్లో ఒక్క కన్ను పొడిగా ఉండదు అని చీటీ పెట్టావు. నా వరకు నేను మధ్యలో లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. కాబట్టి నువ్వు చేసింది పనిచేయలేదని అనను.

కానీ వద్దు.

నేను వంతెనల ఇంజనీరుని. సినిమా గురించి నాకు తెలిసిందంతా మీ అక్క పక్క సీట్లో కూర్చుని తెలుసుకున్నదే. పేర్లు పడకముందే హాల్లో ఉండాలి ఆవిడకి. ఒకసారి నా వల్ల ఆలస్యమై పేర్లు అయిపోయాక చేరితే, టికెట్లు చేతిలో ఉండగానే నన్ను వెనక్కి తిప్పింది. భోజనానికి పిలిచినవాళ్ళు గుమ్మంలో ఎలా పలకరిస్తారో చూడకుండా కంచం ముందు కూర్చోమంటే ఎలాగండీ అంది. పేర్లంటే ఎవరు నటించారో చెప్పడం కాదట. ఈ రెండు గంటలూ ఎలా కూర్చోవాలో చెప్పడమట. వెనక్కి వాలాలా, ముందుకు వంగాలా, పక్కవాడి భుజం చరచొచ్చా అని.

నీ సినిమా ఏమిటి? ఒకే మేడ, ఎదురెదురు వాటాలు, చెప్పుల స్టాండు దగ్గర మొదలై మాటలు మానేసిన రెండు కుటుంబాలు. జనం నవ్వడానికి వస్తారు. మీ అక్క ఆ నవ్వుకి గుమ్మం కట్టింది. ఆవిడ కాగితాల మీద వేసిన వరుస మళ్ళీ ఒకసారి చూడు. అక్షరాలు ముందు తలకట్లు లేకుండా వస్తాయి. నిద్రలేచి జుట్టు దువ్వుకోకుండా తలుపు తీసిన మనుషుల్లా ఉంటాయి. ఎడమ తలుపు కింద నుంచి ఒక ఇంటివాళ్ళ పేర్లు, కుడి తలుపు కింద నుంచి రెండో ఇంటివాళ్ళ పేర్లు జారి వస్తాయి. మధ్యలో ఎదురుపడి, చూడనట్టు పక్కకు తిరిగిపోతాయి. సంగీతం లేదు. గడియ చప్పుడు, మెట్ల మీద చెప్పులు, పై అంతస్తులో ఎవరిదో ఈల. నీ పేరు ఆ రెండు తలుపుల మధ్య, చెప్పుల స్టాండులో ఇరుక్కుని ఉంటుంది. ఇదేమిటని అడిగాను. వాడికి అక్కడే సుఖం అంది.

అప్పుడు తలకట్లు ఒక్కోటే పైనుంచి దిగుతాయి. ‘దు’ మీద, ‘రు’ మీద, ‘గ’ మీద, ‘డ’ మీద టకటకా వాలి అతుక్కుపోతాయి. మిగిలింది ‘ప’. దాని తలకట్టు ఒంటికి తగలకూడదు. తగిలితే ‘వ’ అయిపోతుంది. అందుకని అది కిందికి వచ్చి, తగలబోయి, ఆగుతుంది. అక్కడ కుడి తలుపు రవ్వంత తెరుచుకుంటుంది. కథ మొదలవుతుంది.

ఆ సందు కాస్త ఎక్కువైనట్టుంది, తగ్గించకూడదా అని అడిగాను. ఇంకా దూరం పెడితే ఎవరి తలకట్టో తెలీదు, దగ్గర పెడితే ‘గడవ’ అవుతుంది, గడవకీ గొడవకీ పెద్ద తేడా లేదు అంది. మళ్ళీ తనే, సరిగ్గా నాకూ మావాడికీ ఉన్నంత పెట్టాను లెండి అంది.

మీ ఇద్దరి సంగతి నాకంటే ఎవరికి తెలుసు. నీ మూడో సినిమాకి మీ అక్కతో మాట మాత్రం చెప్పకుండా టైటిల్స్ ఏదో కంపెనీకి ఇచ్చావు. ఆవిడ హాల్లో కూర్చుని తెలుసుకుంది. మెట్లు దిగుతూ, అక్షరాలన్నీ గడ్డం నున్నగా గీయించుకుని ఇంటర్వ్యూకి వచ్చినట్టున్నాయి అంది. ఆ రోజు నుంచి నేను మీకు పోస్టుమాన్‌నయ్యాను. ఆ గోలగాడికి దగ్గు తగ్గిందేమో కనుక్కోండి అని ఆవిడ. మహారాణీ గారు మందులు వేసుకుంటున్నారా అని నువ్వు. ఇద్దరి ఫోనులూ పనిచేస్తూనే ఉండేవి.

తర్వాత నీ స్క్రిప్టు కవరులో వచ్చింది. లోపల చీటీ ముక్క కూడా లేదు. మీ అక్క ఒక్క బిగిన చదివింది. చెప్పుల స్టాండు గొడవ దగ్గర ఆగి, ఇది మా ఇద్దరిదేగా, దొంగ వెధవ, చెప్పులు పెట్టి దాచాడు అని నవ్వింది. ఆ సాయంత్రమే రంగులు తీయమంది. అందులో క్షమాపణ ఎక్కడుందో నాకు కనబడలేదు. ఆవిడకి కనబడింది. ఇది నీకు తెలియాలి. ఆవిడ నీ మీద కోపంతో పోలేదు.

సమయానికి రాలేకపోయానన్న బాధతోనే ఆ ఫోటో పెడుతున్నావని నాకు తెలుసు. బాధపడు. నేనూ పడుతున్నాను. దాన్ని తెచ్చి గుమ్మంలో మాత్రం పెట్టకు. ముందే ఫోటో చూపిస్తే, మొదటి నవ్వు దగ్గర జనం నవ్వొచ్చా అని పక్కవాడి వైపు చూస్తారు. ఆ చూపు చాలు, మీ అక్క కట్టిందంతా కూలిపోవడానికి. వయొలిన్ తీసెయ్. అక్షరాలను వాటి నడకన నడవనివ్వు. ఆవిడ పేరు కోసం వేరే కార్డు అక్కర్లేదు. చెప్పుల స్టాండు కింది అర చూడు. నీ పేరుకి సరిగ్గా కింద, ఆడవాళ్ళ చెప్పుల జత పక్కన, తన పేరు చిన్నగా రాసుకుంది. నువ్వు చూడలేదనుకుంటాను. నేనూ నిన్ననే చూశాను.

ఇంతకంటే చెప్పడం నాకు రాదు. సినిమా నీది. నిర్ణయం నీది.

దగ్గుకి మందు మానకు.

మీ బావ

తా.క. కవరు అంటించకుండా కాసేపు కూర్చున్నాను. ఇది కూడా రాయాలి.

నువ్వు తెర నిండా పెంచిన తలకట్టు మీ అక్క గీసింది కాదు. నేను గీసింది.

‘ప’ ఒళ్ళు ఆవిడే గీసింది. తలకట్టుకి వచ్చేసరికి చెయ్యి లేవలేదు. కుంచె నా చేతిలో పెట్టింది. ఉద్యోగమంతా స్కేలు ఆన్చి గీతలు గీసినవాణ్ణి, కాగితం పైన చెయ్యి బిగుసుకుపోయింది. వంతెన కట్టమనలేదండీ, టోపీ పెట్టమన్నాను అంది. అయినా కదల్లేదు. అప్పుడంది, పెళ్ళైన దగ్గర్నుంచీ నాకు ఒక్క టోపీ పెట్టలేదు మీరు, ఈ అక్షరానికైనా పెట్టండి అని.

నాకు నవ్వాగలేదు. ఆవిడకి అసలే ఆగలేదు. గొట్టం ఊడిపోయేలా ఉందని నర్సు కోప్పడింది అప్పుడే. గీత వణికింది అందుకే. చెరిపి మళ్ళీ వేస్తానంటే ఒప్పుకోలేదు. ఉండనివ్వండి, దానికి నవ్వొచ్చింది, మావాడి సినిమాకి అదే కావాలి అంది.

ఆ కుంచె గ్లాసులో పెట్టింది పెట్టినట్టే ఉంది. నీళ్ళు ఇంకిపోయి, రంగు గట్టిపడింది. పని అయ్యాక కుంచె కడగకుండా వదిలితే ఆవిడ ఊరుకునేది కాదు. మీ ఎడిటరు రేపు పదింటికి అసలు షీటు కోసం వస్తానన్నాడు. షీటూ ఈ ఉత్తరమూ అతనికిచ్చి పంపుతాను. దానికంటే ముందు, రేపు పొద్దున, గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని ఆ కుంచె కడుగుతాను.