ఆగాయని చెప్పిన నీళ్లు

అక్కకూ బావకూ ఒమాన్ నుంచి పెంచలయ్య దండాలు పెట్టి రాస్తున్నాను. మీ ఒంట్లో ఎలా ఉంది, పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా, బావ నడుం నొప్పి తగ్గిందా? బోరు లారీ మీద పైపులు ఎత్తే పని ఇంక మానుకుని డ్రైవింగ్ ఒక్కటే చూసుకోమని చెప్పు. వినడని తెలుసు, అయినా చెప్పు. దుత్తలూరు వైపు ఈసారైనా వాన పడిందా? ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, వేళకు తింటున్నాను. ఇది ముందుగానే ఎందుకు రాస్తున్నానంటే, మిగతాది చదివేటప్పుడు నువ్వు నాకేదో అయిందని భయపడతావు. ఏమీ కాలేదు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాస్తున్నాడేమిటని అనుకుంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెట్టి మిషన్ తొక్కుకుంటూ మాట్లాడతావు. ఆత్మకూరులో నీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్లందరికీ నేను ఏ పూట ఏం తిన్నానో తెలుసు. ఈ సంగతి అలా చెప్పేది కాదు. రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ ఇక్కడ ఎండ మండిపోతోందని చెప్పి పెట్టేశాను. మర్రిపాడు మనిషి ఒకతను సెలవు మీద ఊరికి వస్తున్నాడు. అతని చేతికిచ్చి పంపిస్తున్నాను.

ఖాదర్ అన్న పని చెడగొట్టాడని, కంపెనీ వాళ్లు ఇంటికి పంపించేస్తున్నారని ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది. మన వైపు వాళ్లు క్యాంపులో నలుగురున్నారు, వాళ్ల నోళ్లు ఊరుకోవు. ఏ.యస్. పేటలో దర్గా దగ్గర పూలంగడిలో కూర్చుని మస్తాన్‌బీ వదిన కూడా ఇదే మాట వింటూ ఉంటుంది. అక్కా, ఆమె మొగుడు ఏదీ చెడగొట్టలేదు. చెడగొట్టింది నేను. నన్ను ఇక్కడికి తెచ్చి, పని నేర్పించి, తన గదిలో మంచం వేయించిన మనిషి మీద నా తప్పు పడుతుంటే మూడు వారాలు చూస్తూ కూర్చున్నాను.

ఏం జరిగిందో చెబుతాను. బావకైతే నాలుగు మాటలు చాలు, నీకు కాస్త వివరంగా రాయాలి. మన దగ్గర బోరు వేస్తే రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించి వదిలేస్తాం. ఉదయగిరి వైపు చేలల్లో నేనూ బావా ఎన్ని దించామో లెక్కలేదు. ఇక్కడివి చమురు బావులు. పైపులు దింపడానికే ఒక రోజు చాలదు. ఆ పైపుకూ మట్టికీ మధ్య సందు ఉంటుంది, దాన్ని సిమెంటుతో నింపాలి. లేకపోతే కిందనున్న గ్యాసూ ఉప్పునీళ్లూ పైపు పక్కనుంచి పైకి ఎగదన్నుతాయి. సిమెంటును పైనుంచి సందులో పోయడం కుదరదు. పైపు లోపల పోస్తే అడుగుకు పోయి, అక్కడినుంచి బయటికి మళ్లి, సందులో పైకి లేస్తుంది.

అలా బయటికి పోయిన సిమెంటు మళ్లీ పైపులోకి రాకుండా అడుగున వాల్వ్ ఉంటుంది. మన మోటారు పైపుకు అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుంది కదా, ఆ జాతిదే. అది పైకెక్కిన నీళ్లను కిందికి జారనివ్వదు, ఇది కిందికి పోయిన సిమెంటును వెనక్కి రానివ్వదు. పైపు కొసన బిగించే దాన్ని షూ అంటారు. దానికి కాస్త పైన ఇంకొకటి ఉంటుంది, దాన్ని కాలర్ అంటారు. కాలర్ అనగానే నీకు చొక్కా గుర్తొస్తుంది. ఇది మూరెడు ఇనుము, ఎత్తితే నడుం పోతుంది. రెండింటిలోనూ వాల్వ్ ఉంటుంది.

వీటిని సిద్ధం చేసేది ఖాదర్ అన్న. ఇసుక పడకుండా మూత పెట్టి, గోనెపట్టా చుట్టి నీడలో ఉంచుతాడు. బావి మీదికి పంపే ముందు మూత తీసి, మరలన్నీ బ్రష్షుతో రుద్ది, కర్రతో వాల్వ్ రెక్కను నాలుగుసార్లు నొక్కి వదులుతాడు. ఆ తర్వాత తిరగేసి నీళ్లు పోసి, చుక్క కారుతుందేమోనని వంగి చూస్తాడు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. తొందరపెడితే తిడతాడు, అది ఫోర్‌మనైనా సరే.

ఇక నా పని. సిమెంటు పోయడం అయ్యాక దాని వెనక ఒక రబ్బరు బిరడా వేసి నీళ్లతో తోస్తారు. అది పైపు లోపల గోడలను తుడుచుకుంటూ పోయి కాలర్ మీద కూర్చుంటుంది. అప్పుడు పంపు ఆపి, లోపలి ఒత్తిడిని మెల్లగా వదులుతారు. కొన్ని నీళ్లు గొట్టంలోంచి తిరిగి తొట్టిలో పడతాయి. వాల్వ్ పట్టి ఉంటే ఆ నీళ్లు ఆగిపోవాలి. ఆగకపోతే కుళాయి కట్టేసి, సిమెంటు గట్టిపడేదాకా ఒత్తిడి పట్టి ఉంచాలి. అంటే ఇంకో అరరోజు అక్కడే పడి ఉండాలి. నీళ్లు ఆగాయో లేదో చూడటానికి ఒక మనిషిని నిలబెడతారు. ఆ రోజు నిలబడింది నేను.

ముందురోజు తెల్లారి ఎక్కిన పని, ఆ రోజు మధ్యాహ్నం దాకా సాగింది. కంటి మీద కునుకు లేదు. ఇక్కడి ఎండ మన ఎండలా కాదక్కా, చెమట పట్టినట్టు తెలియదు, ఉప్పు మాత్రం చొక్కా మీద మిగులుతుంది. బూట్లలో సిమెంటు పడి పాదాలు ఒరుసుకుపోయాయి. ఫోర్‌మన్ ఈజిప్టు మనిషి, చెడ్డవాడేమీ కాదు. పావుగంట కన్ను తిప్పకుండా చూడమని చెప్పి పోయాడు. నేను బకెట్ బోర్లించుకుని కూర్చుని చూశాను. నీళ్లు ముందు జోరుగా పడ్డాయి, తర్వాత తగ్గాయి, తగ్గి తగ్గి పురికొస అంత ధార మిగిలింది. అది ఆగలేదు.

పావుగంటయ్యాక ఫోర్‌మన్ రేడియోలో అడిగాడు. నేను ధార వంక చూస్తూనే ఉన్నాను. అక్కా, నిద్రమత్తులో పొరబడ్డానని చెప్పుకుంటే నాకు సుఖం. పొరబడలేదు. ఇంకా కారుతోందంటే అందరం సాయంత్రం దాకా ఆ ఎండలో ఉండాలి. బస్సు ఇంజన్ అప్పటికే తిరుగుతోంది. మా వాళ్లు కొందరు చేతి తొడుగులు తీసేసి నా వైపే చూస్తున్నారు. ఇంత సన్నటి ధార ఎంతసేపు కారుతుందిలే, అదే ఆగిపోతుందనుకున్నాను. ఆగిపోయాయని "ఖలాస్" అన్నాను. ఆ ఒక్క మాట. పైపు నోటికి బిగించిన తల విప్పేశారు, మేం బస్సెక్కాం, క్యాంపు చేరేదాకా నేను హాయిగా నిద్రపోయాను.

గంట లోపలే పైపు నోట్లోంచి నీళ్లు పొంగుతున్నాయని డ్రిల్లింగు వాళ్లు చూశారు. మళ్లీ తల తెచ్చి బిగించేసరికి బయట ఉండాల్సిన సిమెంటు చాలావరకు లోపలికి వచ్చేసింది. పైపుకు చిల్లులు పెట్టి, బయటికి మళ్లీ సిమెంటు ఎక్కించి సరిచేయడానికి రెండు వారాలు పట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే దేవుడి దయ.

ఆఫీసులోకి పిలిచి, నీళ్లు నిజంగా ఆగాయా అని అడిగారు. ఆగాయి సార్ అన్నాను. మొదటిసారి అలసటలో అన్నానని అనుకో, ఈసారి కడుపు నిండా తిని, నిద్రపోయి లేచి అన్నాను. నీళ్లు ఆగాక మళ్లీ కారాయంటే వాల్వ్ సరిగ్గా సిద్ధం చేయలేదు, సామాన్లు సిద్ధం చేసే యార్డులోనే ఇసుక పడి ఉంటుందని వాళ్లు తేల్చారు. యార్డు అంటే ఖాదర్ అన్నే. అతన్ని పిలిచి అడిగితే, నా చేత్తో నేనే చూసి పంపాను సార్ అని మాత్రం అన్నాడట. ఈ నెలాఖరుకు ఇంటికి పొమ్మని కాగితం ఇచ్చారు.

అన్న నన్ను ఏమీ అడగలేదు. ఎప్పటిలాగే పని నుంచి వచ్చి గదిలో అన్నం వండాడు. క్యాంపు మెస్సు తిండికి ఉప్పూ కారం ఉండవు, అందుకని గదిలో మా ఇద్దరికీ అతనే వండుతాడు. మొదటి కంచం నాకే పెడతాడు, వచ్చినప్పటినుంచీ అంతే. కూర వదిలేస్తే ఉప్పెక్కువైందా అని అడిగేవాడు. లేదన్నా అనేవాణ్ణి. రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ మూడు వారాలు గడిపేశాను. నువ్వు ఫోన్ చేసి, ఖాదర్ అన్న చెప్పినట్టు వినరా అన్న రోజు ఫోన్ పెట్టేసి స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. సిగ్గు విడిచి రాస్తున్నాను.

మొన్న అతని చోటికి బీహారు మనిషి ఒకతను వచ్చాడు. అన్న అతనికి పని అప్పగిస్తున్నాడు. మూత ఎలా తీయాలో, రెక్కను ఎన్నిసార్లు నొక్కాలో, ఎటువైపు తిరగేసి నీళ్లు పోయాలో వచ్చీరాని హిందీలో ఓపిగ్గా చూపిస్తున్నాడు. పంపించేస్తున్న మనిషికి ఇంకా అంత శ్రద్ధ ఎందుకో నాకు అర్థం కాలేదు. కాసేపు నిలబడి చూశాను. చేతి తొడుగులు కూడా తీయకుండా నేరుగా ఆఫీసుకు పోయి ఫోర్‌మన్‌కు మొత్తం చెప్పేశాను. ఇన్నాళ్లు ఏం చేస్తున్నావని అతను అడిగాడు. రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. అన్న కాగితం రద్దు చేశారు. నాకు కాగితం ఇచ్చారు.

గదికి వచ్చేసరికి అన్న బియ్యం కడుగుతున్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాను.

"అన్నా, ఆ దినం నీళ్లు ఆగలేదు. ఆగినాయని అబద్ధం చెప్పినాను."

అతను చెయ్యి ఆపలేదు. "తెలుసులేరా" అన్నాడు.

ఎట్ట తెలుసని అడిగాను.

"నేను చూసి పంపిన వాల్వ్ పట్టితే పట్టే ఉంటాది, లేకుంటే మొదట్నించే కారతాది. పట్టినాక గంటకి వదిలేసేది నేనింతవరకు చూళ్లేదు. ఏదో మట్టిగడ్డ అడ్డం పడుంటాది. అట్ట జరగతాదనే కదరా ఒక మనిషిని నిలబెట్టేది."

మరి వాళ్లకెందుకు చెప్పలేదన్నాను. బియ్యం నీళ్లు వంచి, గిన్నె పొయ్యి మీద పెట్టాక మాట్లాడాడు.

"నేను చెప్తే నువ్వు కాదంటావు. మనూరోళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటా ఉండారని నవ్వతారు. నీ అంతట నువ్వే చెప్తావేమోనని చూసినాను. పోయేది పోతాను, అంతే కదా అనుకున్యా. కానీ మస్తాన్‌బీ ఫోన్ చేసి ఏడ్చింది. అంగడి కాడ ఆడోళ్లు అడగతా ఉండారంట, మీ ఆయన పని చెడగొట్టినాడంట గదా అని. ఏం చెప్పాలని నన్నడిగింది. ఆ పొద్దు మాత్రం నిన్ను తన్నాలనిపించిందిరా పెంచలా."

తన్నలేదు. అన్నం ఉడికాక మొదటి కంచం నాకే పెట్టాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా పనికి కావలసిన మాటలు తప్ప నాతో మాట్లాడలేదు. అది న్యాయమే.

ఈ నెలాఖరుకు వచ్చేస్తున్నాను. కారప్పొడి, చింతకాయ పచ్చడి పంపించొద్దు, ఇంకా పంపకపోతే ఆపెయ్. బావ ఒప్పుకుంటే బోరు లారీ మీదికే వస్తాను. నడుం నొప్పి ఉన్నవాడి బదులు నేను పైపులెత్తుతాను. ఒప్పుకోకపోతే ఇంకేదైనా చూసుకుంటాను. నిజంగా చెబుతున్నాను అక్కా, అలిసిపోయాను. పనికి కాదు, నన్ను నేను మోసుకు తిరగడానికి. ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోనివ్వు, తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. అవ్వకు నా దండాలు చెప్పు. ఎందుకొస్తున్నాడని అడిగితే ఇందులో ఉన్నదే చెప్పు. ఒంట్లో బాగోలేకనో, కాంట్రాక్టు అయిపోయిందనో అల్లి చెప్పొద్దు. నువ్వు చెప్పగలవు, అందుకే రాస్తున్నాను. మీ అందరి దీవెన కావాలని రాయడానికి ఈసారి మొహం చెల్లడం లేదు. మీకు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి.

ఒక్క పని చేసిపెట్టు. వచ్చే గురువారం నువ్వు ఎలాగూ దర్గాకు పోతావు. ఈ ఉత్తరం తీసుకుపో. మస్తాన్‌బీ వదినకు తెలుగు చదవడం రాదు కదా, అంగడి ముందు కూర్చుని నువ్వే చదివి వినిపించు. గిరాకీ ఉన్న వేళ చూసుకుని పో, చుట్టుపక్కల ఆడవాళ్లందరూ ఉన్నప్పుడు. మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదువు. ఆమె నన్ను తిడితే తిట్టనివ్వు. మధ్యలో ఆపి, మా తమ్ముడు మంచివాడే అని మాత్రం అనొద్దు.

నీ తమ్ముడు,
పెంచలయ్య