సమద్ పంపిన బోర్డు

పటాన్‌చెరు,
శుక్రవారం, జుమా నమాజ్ అయినంక

మదీహాకు నౌకరి పక్కా అయ్యింది బేటా సమద్! కాంట్రాక్టు కాదు, పర్మినెంటు! సలాం రాయకముందే ఇది రాసిన, ఏమనుకోకు, చెయ్యి ఆగలే. సుల్తాన్‌పూర్‌ల అదే కంపెనీల, నిన్నటిదాక దవాఖాన్ల మందు ఎక్కించే పంపులకు స్క్రూలు బిగించిన నీ చెల్లె, ఇగ ఆ పంపుల లోపటి చిప్పుకు ప్రోగ్రాం రాసే సెక్షన్ల కూసుంటది. కాయితం నా ముందటనే ఉన్నది. పొద్దటి సంది నాలుగుసార్లు చదివిన. ఇంగ్లీషు సగమే అర్థమైతది గాని, ఆమె పేరు మాత్రం నాలుగుసార్లు సాఫ్‌గ కనబడ్డది.

అస్సలాము అలైకుం బేటా. అల్లా దయతోని ఇక్కడ నేను, మీ అమ్మీ, చెల్లె ముగ్గురం మంచిగున్నం. వాపీల నువ్వు గూడ యాళ్లకు తిని మంచిగున్నవని అనుకుంటున్న. ఆ ఊరి ఎండల ఫిట్టర్ పని ఎట్లుంటదో నాకు తెలుసు, నీళ్లు మస్తు తాగు.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటి చెప్త. మీ అమ్మీ మోకాలు నయమే, మెట్లు మంచిగనే ఎక్కుతుంది, దిగేటప్పుడే నన్ను తిడుతది. వంటింటి మీద రేకులు కారే కాడ తారు పూసిన, మొన్నటి వానకు ఒక్క చుక్క రాలే. బీపీ గోళి మరువకుంట ఏసుకుంటున్న. ఫోన్ల చెప్పక ఉత్తరం ఎందుకంటవా, ఇంట్ల ఫోన్ వస్తే మీ అమ్మీ స్పీకర్ పెడ్తది, నీకు నాకు మధ్యల ఇంకో నాలుగు చెవులుంటయి. అందుకే గద నువ్వు గూడ ఉత్తరమే రాసినవ్.

ఇగ నీ ఆఖరు ప్రశ్న. "అబ్బా, ఆ బోర్డు విషయంల నేను నిజంగనే మోసపోయిన్నా? మదీహా నా గురించి ఏమన్న అడుగుతదా?" అని రాసినవ్. అది చదివి, కాయితం మడిచి జేబుల పెట్టుకొని, బస్టాండు దాక పోయి ఊకనే వాపస్ వచ్చిన. జవాబు చెప్త బేటా. ఈ ఉత్తరంలనే చెప్త. ముందుగాల చెల్లె ముచ్చట మొత్తం విను, అది వింటెనే జవాబు తెలుస్తది.

రంజాన్ పండుగకు ఈదీ కింద నువ్వు చెల్లెకు బట్టలు పంపుతవనుకున్నం. నువ్వేమో వేలెడంత చిప్పు బోర్డు పంపినవ్. మీ అమ్మీ దాన్ని అటుఇటు తిప్పి, "ఇది కుట్టిస్తే ఒక్క చెయ్యికన్న వస్తదా?" అన్నది. మదీహా మాత్రం రెండు చేతులల్ల పట్టుకొని నవ్వుకుంట ఇల్లంత తిరిగింది. ఆమె సంబురం నీకు అప్పుడు రాయలే, ఇప్పుడు రాస్తున్న.

ఆ చిప్పుల మన సెల్‌ఫోన్ల లెక్క ఏ సిస్టమూ ఉండదట. ఉత్త చిప్పు. బేర్ మెటల్ అంటరట. మధ్యల మనిషి లేడు, నేరుగ దానితోనే, దాని భాషలనే చెప్పాలె. ఆ భాషను అసెంబ్లీ అంటరు. ఒక్క చిన్న లైటు ఎలిగి ఆరాలంటే ఇరవై ముప్పై వరుసలు రాయాలె. ఈ అంకె తీసుకో, ఆ అరల పెట్టు, ఒకటి తగ్గించు, సున్నా అయ్యిందా సూడు, కాకుంటే వెనక్కి పో. అన్నీ గిట్లనే. కంది క్యాంపస్ కాడ జిరాక్స్ షాపుల చిప్పు పుస్తకం కావల్సినన్ని పేజీలు ప్రింటు తీయించుకొచ్చింది, దిండంత మందం. షిఫ్ట్ నుంచి వచ్చి మొఖం కడుక్కొని, చాయ్ పట్టుకొని దాని ముందట కూసునేది. నేను పక్కకు కూసునేది.

"పని అయిపోయినంక గూడ దానికి ఏం చెయ్యాల్నో చెప్పాలె అబ్బా. ఇక్కడనే తిరుగుకుంట ఉండు అని రాయాలె. రాయకుంటే ముందుకు ముందుకు ఉరికి పిచ్చి పిచ్చి పనులు చేస్తది" అన్నది ఒకనాడు.

మీ అమ్మీ వంటింట్లకెళ్లి అరిచింది. "రిటైర్ అయినోళ్ల లెక్కనా?"

ఇంకోనాడు ఎంత చెప్పినా చిప్పు వింటలేదని పరేషాన్ అయ్యింది. పేజీలు తిప్పి తిప్పి ఒక్కసారి నెత్తి మీద కొట్టుకున్నది. "అబ్బా, ఈ పిన్నులున్న సెక్షన్‌కు ముందుగాల క్లాక్ ఇయ్యాల్నట! అది ఇయ్యకుంటే ఆ సెక్షన్ నిద్రలనే ఉంటదట!"

"అంటే మెయిన్ ఏసినంకనే స్టార్టర్ నొక్కాలె అన్నట్టు. అది నన్నడిగితే మొదటి రోజే చెప్పకపోయిన్నా బేటీ!" అన్న.

"అబ్బా, నీకు సగం వచ్చేసింది" అన్నది.

ముప్పై ఒక్క ఏండ్లు ఫార్మా కంపెనీల ఎలక్ట్రీషియన్ పని చేసిన. ఏడో తరగతి సదివినోన్ని. ఏ ఇంజనీరు నన్ను గట్ల అనలే. ఆ రోజు నా నడకనే మారింది, మీ అమ్మీని అడుగు.

తెల్లారి నుంచి కష్టం మొదలైంది. మెయిన్ దొరికింది గద, ఇగ లైటు ఎలగాలె. ఎలగలే. ప్రోగ్రాం చిప్పుల ఎక్కుతుంది, బోర్డు మీద కరెంటు లైటు వస్తుంది, ఆమె పెట్టిన చిన్న లైటు మాత్రం సప్పుడు లేదు. లైటు మార్చింది, వైరు మార్చింది. ఇగ తప్పు తన రాతలనే అనుకున్నది. "కొత్తగ నేర్చుకునేటోళ్లు ముందు తమ మీదనే అనుమానపడాలె అబ్బా" అనేది. మూడు వారాలు బేటా. ఒక్కో వరుస చెరిపి మళ్ల రాసింది. దిండంత పుస్తకం మొదటికెళ్లి చదివింది. ఒక ఆదివారం బోర్డును స్టీలు డబ్బల పెట్టి మూత బిగించి, "నాకు డిప్లొమానే ఎక్కువ" అని గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నేను సూసుకుంట నిలబడ్డ.

మళ్ల ఆమెనే డబ్బ తెరిచింది. ఈసారి చిప్పుకు హుకుం ఇచ్చుడే కాదు, వాపస్ అడుగుడు గూడ రాసింది. నేను నీకు ఒకటి అని చెప్పిన, నీ అరల ఒకటి ఉన్నదా? ఉన్నది అన్నది చిప్పు. మరి పిన్ను మీద ఏమున్నది? సున్నా అన్నది. గట్ల తెలిసింది, క్లాక్ ఇచ్చిన నాటి సంది ఆమె రాత సరిగ్గనే ఉన్నది, ఆ ఒక్క పిన్నే సచ్చి ఉన్నది. పక్క పిన్నుకు మార్చంగనే లైటు టిక్కు టిక్కుమని కొట్టుకున్నది. మీ అమ్మీ దిష్టి తీసింది, లైటుకు గూడ.

అప్పుడే నీకు కోపంగ ఫోన్ చేసింది. "భాయ్, ఎవడో నీకు డూప్లికేట్ మాల్ అంటగట్టిండు, సూసుకోవద్దా?" అన్నది. దాని ఎనక జహీరాబాద్‌ల చాచా ఇంట్ల చిన్నపిల్లకు పేరు పెట్టే అఖీఖా దావత్‌కు నువ్వు సెలవు పెట్టుకొని వస్తివి. దస్తర్‌ఖాన్ పరిచి అన్నానికి అందరు కూసున్నంక మీ జుబేర్ మామూ, "సమద్ మియా గుజరాత్ కెళ్లి డూప్లికేట్ మాల్ తెస్తడట, బిర్యానీల బొక్కలు అసలైనవేనా సూసుకోండ్రి" అన్నడు. ముప్పై మంది నవ్విండ్రు. మదీహా గూడ నవ్వింది. నువ్వు ప్లేటు ముట్టకుంట లేసి చెప్పులేసుకున్నవ్. ఆనాటి సంది చెల్లె ఫోన్ ఎత్తుతలేవు. రెండు నెలలు దాటింది. ఉత్తరంల రాసినవ్, వాపీ పోయినంక ఆ బోర్డు అమ్మిన షాపు సేఠ్‌తోని అంగి గల్లా పట్టుకొని కొట్లాడిన అని.

ఇగ పరీక్ష ముచ్చట. బయటికెళ్లి వచ్చినోళ్లు నలుగురు బీటెక్కులు, నీ చెల్లె ఒక్కతి డిప్లొమా. లైన్ల పనిచేసేటోళ్లు గూడ రాయొచ్చని నోటీసు పెడితే ఈమె ఒక్కతే పేరిచ్చింది. నాగవల్లి మేడం అని ఆ సెక్షన్‌కు పెద్ద, ఐదుగురికి ఐదు బోర్డులు ఇచ్చి, "అసెంబ్లీల రాయండి, ఈ లైటు ఎలగాలి" అన్నదట. ఎవరిదీ ఎలగలే. నలుగురు తమ రాతలు చెరుపుతనే ఉన్నరు. మదీహా ఒక్కసారి చెరిపిందట, అంతే. వాపస్ అడిగే ఆ నాలుగు వరుసలు రాసి, పది నిమిషాలల్ల చెయ్యి లేపి, "మేడం, నా ప్రోగ్రాం మంచిగనే ఉన్నది, ఈ పిన్ను పనిచేస్తలేదు" అన్నది. మేడం నవ్విందట. ఐదు బోర్డులల్ల ఒక్కో పిన్ను కావాలనే చంపి పెట్టిండ్రట!

ఎందుకంటే ఆమె చెయ్యబోయే పనే అది. రోగి చేతికి మందు ఎక్కించే పంపు, ఆన్ చెయ్యంగనే తన పిన్నులు తానే సరిసూసుకోవాలె, ఒక్కటి పనిచెయ్యకున్నా మందు ఆపి గంట కొట్టాలె. ఆ మొదటి వరుసలు నీ చెల్లె రాస్తది. ఎక్కడనో దవాఖాన్ల ఎవరి తల్లికో ఎక్కే మందుకు మన మదీహా కావలి. అల్లాకు ఎన్ని షుకర్లు చెప్తే సరిపోతది? నీకు ఎన్ని చెప్తే సరిపోతది? నువ్వు పంపకుంటే ఆ బోర్డు ఎక్కడిది, ఆ సదువు ఎక్కడిది?

ఇగ జవాబు. నువ్వు మోసపోలే బేటా. బోర్డు అసలైనదే. పిన్నును కాల్చింది నేను.

"నీకు సగం వచ్చేసింది" అన్నది గద, తెల్లారి ఆమె షిఫ్ట్‌కు పోయినంక ఆ సగంతోని కూసున్న. లైటు నేనే ఎలిగించి సాయంత్రం సూపిద్దామనుకున్న. టూల్ బ్యాగుల నా పాత పవర్ సప్లై ఉంటది గద, ఇరవైనాలుగు వోల్టులది. మా ప్యానెల్లల్ల రిలే స్విచ్చు పనిచేస్తదా లేదా అని సూడాలంటే ఇరవైనాలుగు తీసి టిక్కుమని అంటించి సూస్తుంటిమి, ఏండ్ల అలవాటు. గట్లనే ఆ పిన్నుకు అంటించిన. టిక్కుమన్నది, కాని రిలే టిక్కు కాదు అది. జెర వాసన వచ్చింది. యూఎస్‌బీ పెట్టి సూసిన, కరెంటు లైటు వచ్చింది. ఏం కాలే అని నాకు నేను చెప్పుకొని, ఎట్లున్నది అట్ల పెట్టిన.

ఆమె మొదటి రోజు లైటు ఎలుగుతలేదన్నప్పుడే నాకు తెలిసిపోయింది. మా కాడ షిఫ్ట్ మారేటప్పుడు, నా చేతుల ఏమన్న ఖరాబైతే వచ్చేటోనికి అది చెప్పిగాని గేటు దాటేది కాదు. ముప్పై ఒక్క ఏండ్లల్ల ఒక్కరోజు తప్పలే. కన్నబిడ్డకు చెప్పలే. "సగం వచ్చేసింది" అన్న మాట వాపస్ పోతదని భయమైంది. మీ మామూ నిన్ను అన్నప్పుడు నేను ఆయన పక్కనే కూసున్న. బొక్క కొరుకుతున్న. నోరు తెరవలే. నువ్వు చెప్పులేసుకునేది గూడ సూసిన.

ఇక్కడిదాక రాసి కలం పక్కకు పెట్టిన బేటా. నాలుగున్నరకు మదీహా కంపెనీ బస్సు దిగి వచ్చింది. నీకంటే ముందు ఆమెకు చెప్పాలె గద అని, ఈ పేజీలు ఆమెకు చదివి వినిపించిన.

"ఎన్ని వోల్టులు పెట్టినవ్ అబ్బా?"

"ఇరవైనాలుగు."

"అది మూడు పాయింట్ మూడు తాగేది!" అన్నది. "మూడు వారాలు అబ్బా." అంతే. చాయ్ తాగలే, సల్లారింది. నేను తల ఎత్తలే.

మీ అమ్మీ మాత్రం ఊకోలే. "ఇంట్ల మిక్సీ ముడితే షాక్ కొడ్తది అని నన్ను ముట్టనియ్యవు, నువ్వు పోయి పిల్ల చదువును అంటిస్తవా?" అని ఇంకా అంటనే ఉన్నది, ఇది రాసేటప్పుడు గూడ వినబడుతుంది. మంచిగనే అంటుంది.

జెరసేపైనంక మదీహా వచ్చి నా కలం దిక్కు సూపించింది. "భాయ్‌కు నేను చెప్పినట్టు రాయి. నేను అన్న మాట తప్పు. నేను నవ్వుడు ఇంకా తప్పు. రాసినవా? ఇంకోటి రాయి. పరీక్షల మేడం, ఎక్కడ నేర్చుకున్నవ్ అని అడిగితే, మా అన్న పంపిన బోర్డు మీద అని చెప్పిన. ఇది అబ్బా ఒప్పుకోకముందు చెప్పిన మాట, బోర్డు డూప్లికేట్ అనుకునేటప్పుడే చెప్పిన. అది గూడ రాయి అబ్బా."

రాసిన బేటా. నువ్వు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు అదే. అడుగుతుంది. రోజు అడుగుతుంది, నోటితోని అడగదు, అంతే.

నన్ను మాఫ్ చెయ్యి అని పెద్దోన్నయి ఉండి నిన్ను అడగొచ్చో లేదో తెల్వదు, అడుగుతున్న. ఆ సేఠ్ కాడికి పోయి, తప్పు మా అబ్బాది అని నా పేరు బషీర్ అని చెప్పి మాఫీ అడుగు. ఉద్యోగం ముచ్చట ఇంతవరకు సుట్టాలల్ల ఎవరికీ చెప్పలే, మీ అమ్మీ నోరు గూడ బలవంతంగ కట్టేసిన. ఖుష్‌ఖబ్రీ అంటే మంచి కబురు తెచ్చినోని నోరే ముందు తీపి చేస్తరు మన ఇండ్లల్ల. ఆ తీపి నీది. అందరికీ నువ్వే చెప్పాలె. బోర్డు కాల్చింది ఎవరో మాత్రం నేనే చెప్పుకుంట, ఇంటింటికి పోయి.

ఎన్ని దువాలు చేసినా ఇంకా బాకీ ఉన్నట్టే అనిపించే,

ఇట్లు,
నీ అబ్బా

చెప్పాల్సినోళ్లు:

సదాశివపేట ఫుప్పీ. ఇంటి ఆడబిడ్డ, ముందు ఆమెకే, లేకుంటే ఏడాది అలుగుతది.

జహీరాబాద్ చాచా, చాచీ. అఖీఖా వాళ్లింట్లనే అయ్యింది కాబట్టి స్పీకర్ పెట్టమను, అందరు వినాలె.

ఆలియా ఆపా, బీదర్. ఏడుస్తది, ఏడ్వని.

జుబేర్ మామూ. ఆయనకు నువ్వు ఉద్యోగం ఒక్కటే చెప్పు, ఎక్కువ మాట్లాడకు. మిగతాది నేను వచ్చే ఆదివారం ఆయన దుకాణంల, గిరాకీ ఉన్నప్పుడు, అందరి ముందట చెప్త.

కోహీర్ నానీ. ఆమెకు చిప్పు తెల్వదు, పర్మినెంటు తెల్వదు. ఎప్పుడు ఫోన్ చేసినా "పిల్లలిద్దరు మాట్లాడుకుంటున్నరా?" అని ఒక్కటే అడుగుతది. ఆమెకు నువ్వు ఒక్కనివే చెయ్యకు. ముందు మదీహాకు చేసి, ఆమెను లైన్ల కలుపుకొని, ఇద్దరు కలిసి చెయ్యండ్రి.